గడ్డివాము నిండుగానే ఉంది, పాలే తగ్గాయి

యాసంగి వరి కోతలు ముగిసే రోజుల్లో హనుమకొండ నుంచి ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా బేలర్ చుట్టిన గడ్డి కట్టలు కనిపిస్తాయి. కొన్ని పొలాల్లో అదే గడ్డి కాలిపోయి నల్లటి చారలుగా మిగిలి ఉంటుంది. తగలబెట్టుకునేంత గడ్డి ఉన్నచోట పశువులకు మేత కరువంటే నమ్మడం కష్టం. కానీ నాలుగైదు బర్రెలున్న ఏ కొట్టం దగ్గర ఆగి అడిగినా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది. గడ్డికి లోటు లేదు, రెండు పూటలా తవుడు పెడుతున్నాం, అయినా పాలు పెరగడం లేదు, ఈని ఆరు నెలలైనా ఎదకు రావడం లేదు.

ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. గడ్డికి నిజంగానే లోటు లేదు. లోటంతా గడ్డితో పాటు పశువు కడుపులోకి పోవాల్సిన మిగతా వాటిలో ఉంది. కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఉత్తర తెలంగాణలో ఇప్పుడు చిన్న పాడి రైతు నష్టపోతున్నది ఈ రెండింటి మధ్య తేడా దగ్గరే.

జొన్న సొప్ప పోయి వరిగడ్డి వచ్చింది

ఒకప్పుడు ఈ ప్రాంతపు మెట్ట పొలాల్లో జొన్న, కంది, పెసర, పల్లి కలగలిపి పండేవి. వాటితో పాటే మేత కూడా ఇంటికి వచ్చేది. జొన్న సొప్ప, కంది పొట్టు, పెసర పొట్టు, పల్లికాయ తెంపాక మిగిలిన తీగ అన్నీ వాము మీదికి చేరేవి. పశువుకు ఏది ఎంత పెట్టాలన్న లెక్క ఎవరూ వేయలేదు, వేయాల్సిన అవసరమూ రాలేదు. పప్పుజాతి పంటల తీగలో, పొట్టులో మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి. జొన్న సొప్పలో శక్తి ఉంటుంది. పైగా పశువులు ఊరి బంచరాయిలో (అందరి మేత బీడులో), చెరువు శిఖంలో పొద్దంతా మేసి వచ్చేవి.

శ్రీరాంసాగర్ కాలువలు, బోర్లు, చెరువుల నీళ్లతో వరి పెరిగింది. మిగిలిన మెట్టలో పత్తి నిలిచింది. జొన్న బాగా తగ్గిపోయింది. బంచరాయిలు చాలా ఊళ్లలో సాగులోకో, ప్లాట్లలోకో పోయాయి. రైతు ఆదాయం కోణంలో ఈ మార్పు తప్పని ఎవరూ అనలేరు. కానీ కొట్టంలో ఉన్న బర్రె కోణంలో చూస్తే దాని కంచంలోంచి నాలుగు రకాల కూరలు తీసేసి ఉత్త అన్నం పెట్టినట్టయింది. పత్తి కట్టె మేతకు పనికిరాదు. మిగిలిందల్లా వరిగడ్డి. ఎండు మేతల్లో బలం తక్కువైన వాటిలో అదొకటి.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. జీర్ణమై శక్తిగా మారే పదార్థం 40 నుంచి 45 శాతం. దీనికి తోడు ఇందులో సిలికా ఎక్కువ. చేత్తో రుద్దితే గరుకుగా తగిలేది దానివల్లే. గడ్డిలోని పీచును కడుపులోని సూక్ష్మజీవులు విరగ్గొట్టకుండా అది అడ్డుపడుతుంది. ఆక్సలేట్లు అనే మరో పదార్థం కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందకుండా పేడలోకి పంపేస్తుంది. అంటే వరిగడ్డి తనలో లేనిదాన్ని ఇవ్వలేకపోవడమే కాదు, పక్కనున్న దాన్ని కూడా కొంత తీసుకుపోతుంది.

ఒక బర్రె, ఒక రోజు లెక్క

450 కిలోల బరువుండి రోజుకు 6 లీటర్లు ఇవ్వగల గ్రేడెడ్ ముర్రా (నాటు బర్రెను ముర్రా జాతితో దాటించి బాగుచేసిన రకం) బర్రెను తీసుకుందాం. పాలిచ్చే పశువు రోజుకు తన బరువులో 2.5 నుంచి 3 శాతం దాకా పొడి పదార్థం తింటుంది. పొడి పదార్థం అంటే మేతలోని తడి పోగా మిగిలేది. ఈ బర్రెకు అది దాదాపు 12 కిలోలు. నిలబడటానికి, ఊపిరి పీల్చడానికి, ఒంటి వేడి నిలుపుకోవడానికి దానికి సుమారు మూడున్నర కిలోల జీర్ణ పదార్థం, అంటే మేతలో జీర్ణమై శక్తిగా మారే భాగం, కావాలి. 7 శాతం వెన్న ఉన్న ఒక్కో లీటరు పాలకు మరో 450 గ్రాముల పైచిలుకు కావాలి. 6 లీటర్లకు కలిపి మొత్తం 6 కిలోలు దాటుతుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో పెట్టేదేమిటో చూద్దాం. రోజంతా 8 కిలోల వరిగడ్డి, రెండు పూటలా కలిపి 2 కిలోల తవుడు. గడ్డి నుంచి వచ్చేది 3 కిలోల జీర్ణ పదార్థం, తవుడు నుంచి 1.3 కిలోలు. మొత్తం 4.3. అందులో మూడున్నర కిలోలు ఒంటి పోషణకే పోతాయి. మిగిలిన దానితో రెండు లీటర్ల పాలు కూడా సరిగ్గా రావు.

మరి ఇంత తక్కువ మేతతో ఆ బర్రె నాలుగు లీటర్లైనా ఎలా ఇస్తోంది? తన కొవ్వు కరిగించి ఇస్తోంది. ఈనిన మొదటి నెలన్నర ఇలా నెట్టుకొస్తుంది. తర్వాత పక్కటెముకలు తేలతాయి, తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడతాయి, పాలు జారిపోతాయి. ఒంట్లో శక్తి లేని పశువు ఎదకు రాదు, వచ్చినా చూడి నిలవదు. రైతు దాన్ని గొడ్డుపోయిందనుకుంటాడు. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు వేయించి, చివరికి తక్కువ ధరకు సంతలో అమ్మేస్తాడు. అది గొడ్డుది కాదు, ఆకలిది. ఈ ప్రాంతంలో అమ్ముడుపోతున్న ఎన్నో బర్రెల కథ ఇదే కావడం నిజంగా బాధ కలిగించే విషయం.

అదే బర్రెకు 6 కిలోల వరిగడ్డి, 15 కిలోల పచ్చి నేపియర్ గడ్డి, 4 కిలోల మంచి దాణా పెడితే లెక్క మారుతుంది. గడ్డి నుంచి 2.3, పచ్చిమేత నుంచి 1.6, దాణా నుంచి 2.5 కిలోల జీర్ణ పదార్థం వస్తుంది. మొత్తం 6.4. ఆరు లీటర్ల పాలకు సరిపోతుంది, ఒళ్లూ నిలుస్తుంది. వరిగడ్డి ఇక్కడ కూడా ఉంది. కాకపోతే అది కడుపు నింపే పని మాత్రమే చేస్తోంది, భారమంతా దాని మీద లేదు.

ఈ లెక్కకు బరువు తెలియాలి, దానికి కాటా అక్కర్లేదు. టైలర్ టేపుతో ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించాలి. భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. 72 అంగుళాల చుట్టుకొలత, 57 అంగుళాల పొడవు ఉన్న పశువు 448 కిలోలు తూగుతుంది. నెలకోసారి ఇలా కొలిచి గోడ మీద రాసుకుంటే పాలు తగ్గేలోపే ఒళ్లు తగ్గడం తెలిసిపోతుంది.

గడ్డిని మార్చి పెట్టడం

వరిగడ్డిని వదులుకోవడం చిన్న రైతుకు సాధ్యం కాదు, అవసరమూ లేదు. దాన్ని బాగుచేసుకోవచ్చు. యూరియాతో మాగబెట్టడం కొత్త విషయమేమీ కాదు, పశువైద్య శాఖ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. అయినా ఊళ్లలో అరుదుగానే కనిపిస్తుంది. కారణం ఒకటే, భయం. యూరియా తిని పశువులు చచ్చిపోయిన సంగతి ప్రతి ఊరికీ తెలుసు. ఆ భయం అర్థం లేనిది కాదు. పొలం దగ్గర యూరియా కలిపిన నీళ్ల బకెట్‌లో మూతి పెట్టిన బర్రె గంటలోపే కిందపడి కొట్టుకుంటుంది. కానీ మాగిన గడ్డి సంగతి వేరు.

100 కిలోల ఎండు గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా ఒక్క గింజ కూడా మిగలకుండా కరగాలి. గట్టి నేల మీద లేదా టార్పాలిన్ మీద గడ్డిని పొరగా పరిచి, పూలకుండీలకు నీళ్లు చల్లే డబ్బాతో ద్రావణాన్ని సమంగా చల్లి, కాళ్లతో తొక్కి, మళ్లీ పొర వేయాలి. చివరికి పాలిథిన్ కప్పి అంచుల మీద మట్టి వేసి గాలి చొరకుండా మూసేయాలి. లోపల యూరియా అమ్మోనియాగా మారి గడ్డి పీచును మెత్తబరుస్తుంది. 21 రోజుల తర్వాత తెరిస్తే గడ్డి తేనె రంగులోకి తిరిగి, ముక్కు మండేంత ఘాటు వస్తుంది. ఏ పూటకు కావాల్సింది ఆ పూట తీసి, గంటసేపు గాలికి ఆరబెట్టి పెట్టాలి. మాంసకృత్తులు 3, 4 శాతం నుంచి 7, 8 శాతానికి పెరుగుతాయి. గట్టి కాడలు వదిలేసే బర్రె కూడా గాడిలో పోచ మిగల్చదు. మొదటి వారం మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. యూరియాను కుడితిలో కలపడం, గడ్డి మీద చల్లి అప్పటికప్పుడు పెట్టడం ప్రాణాంతకం. ఆ పని ఎవరు చేయమన్నా చేయకూడదు.

హార్వెస్టర్ వెళ్లాక పొలంలో మిగిలిన గడ్డి వానకు తడిసి, ఆరి, మళ్లీ తడిసి ఉంటే దాన్ని ఇంటికి తేకపోవడమే మేలు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న బర్రెల్లో చెవుల కొసలు, తోక కొస ఎండిపోయి రాలిపోవడం, గిట్టల దగ్గర పుండ్లు పడటం వరి ప్రాంతాల్లో తెలిసిన జబ్బే. డెగ్నాలా అంటారు. గడ్డిని కొట్టి చూస్తే తెల్లగా పొడి లేస్తే అది పశువు నోటికి వెళ్లాల్సింది కాదు.

పది గుంటల పచ్చదనం

పచ్చిమేతకు భూమి లేదన్నది ఎక్కువగా వినిపించే మాట. మూడు బర్రెలకు రోజుకు తలా 15 కిలోల చొప్పున 45 కిలోలు, ఏడాదికి 16 టన్నుల పైచిలుకు కావాలి. సంకర నేపియర్ నుంచి ఎకరానికి ఏడాదికి 60 టన్నులే వస్తుందని తక్కువగా లెక్కేసుకున్నా 10, 11 గుంటలు సరిపోతాయి. బోరు పక్కన, పశువుల కొట్టం కడిగిన నీళ్లు పారేచోట ఈ మాత్రం స్థలం చాలామందికి ఉంటుంది. ఒకసారి నాటిన కణుపులు రెండు మూడేళ్లు కోతనిస్తూనే ఉంటాయి. విత్తన కణుపుల గురించి దగ్గర్లోని పశువైద్యశాలలోనో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో విచారించుకోవచ్చు.

అయితే నేపియర్ వేసిన వాళ్లలో చాలామంది చేసే పొరపాటు కోతను వాయిదా వేయడం. మనిషిని మించి ఎత్తు పెరిగితే ఎక్కువ మేత వచ్చిందని సంతోషపడతారు. పెరిగింది కాడ, ఆకు కాదు. నాటిన రెండు, రెండున్నర నెలలకు మొదటి కోత, తర్వాత ప్రతి 40, 45 రోజులకోసారి కోస్తేనే మాంసకృత్తులు 8 నుంచి 10 శాతం ఉంటాయి. ముదిరిన నేపియర్‌కూ వరిగడ్డికీ పెద్ద తేడా ఉండదు. నేపియర్‌లో కూడా ఆక్సలేట్లు ఉంటాయన్నది మరో సంగతి. వరిగడ్డి, నేపియర్ రెండే పెడుతుంటే కాల్షియం లోటు అలాగే ఉండిపోతుంది. అందుకే పది గుంటల్లో రెండు మూడు గుంటలైనా బొబ్బర్లు, లూసర్న్, దశరథ గడ్డి లాంటి పప్పుజాతి మేతకు కేటాయించాలి. గట్ల మీద అవిశ చెట్లు నాలుగు ఉన్నా ఆ కొమ్మలు ఎంతో పనిచేస్తాయి. సుబాబుల్ ఆకు మంచిదే గానీ పచ్చిమేతలో మూడో వంతు మించకూడదు.

నీళ్ల తొట్టిలో పెంచే అజొల్లా అనే చిన్న మొక్క గురించి ఈ మధ్య చాలా ప్రచారం ఉంది. దాణా ఖర్చు సగానికి తగ్గుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. అజొల్లాలో మాంసకృత్తులు 25 శాతం దాకా ఉంటాయన్న మాట నిజమే, కానీ అది పొడి పదార్థంలో. పచ్చి అజొల్లాలో 93, 94 శాతం నీళ్లే. తొట్టి నుంచి తీసిన 2 కిలోల అజొల్లాలో ఉండే పొడి పదార్థం 120, 140 గ్రాములు, అందులో మాంసకృత్తులు 30, 35 గ్రాములు. వంద గ్రాముల పల్లిచెక్కలో (పల్లీల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పిలో) అంతకంటే ఎక్కువ ఉంటాయి. కోళ్లకో, దూడకో ఒక పిడికెడు వేయడానికి బాగుంటుంది. పాలిచ్చే బర్రెకు దాణా మానేసి అజొల్లా పెడితే నష్టమే.

ఎండాకాలానికి సైలేజ్ (మాగబెట్టి దాచిన పచ్చిమేత) సంగతి కూడా అలాంటిదే. మక్కజొన్న కంకి పాలు గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూసేస్తే 45 రోజులకు పుల్లటి వాసనతో మంచి మేత తయారవుతుంది. పెద్ద గుంత తవ్వడం మాత్రం చిన్న మందకు సరిపడదు. నాలుగు బర్రెలకు రోజుకు 60 కిలోలు తీస్తే పెద్ద గుంత ముఖం రోజూ కొద్దిగానే కదులుతుంది. గాలి తగిలిన భాగం మనం చేరేలోపు పాడవుతుంది. ఒకసారి తెరిస్తే నాలుగైదు రోజుల్లో అయిపోయే సంచులే వీళ్లకు నయం.

తవుడు డబ్బా

ప్రతి కొట్టంలో ఒక డబ్బా ఉంటుంది. పాత నూనె డబ్బానో, పెయింట్ డబ్బానో. పూటకు ఒక డబ్బా తవుడు, అర డబ్బా చెక్క అని లెక్క. ఆ డబ్బాను ఒక్కసారి తూకం వేసి చూడటం ఎంతో అవసరం. తవుడు తేలిక, నానని చెక్క ముక్కలు బరువు, మక్క పిండి ఇంకా బరువు. ఒకే డబ్బా ఒకదానితో కిలో తూగితే మరోదానితో కిలోన్నర దాటవచ్చు. రెండు కిలోలు పెడుతున్నామనుకున్న ఇంట్లో నిజానికి కిలో పావు పడుతూ ఉండవచ్చు. ఏ సరుకుకు ఎంత తూగుతుందో డబ్బా మీద పెయింట్‌తో గీతలు గీసుకుంటే ఆ సమస్య తీరిపోతుంది.

దాణా ఎంత పెట్టాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర. ఆపై బర్రెకు ప్రతి 2 లీటర్ల పాలకు కిలో, ఆవుకు ప్రతి 2.5 లీటర్లకు కిలో. పచ్చిమేత బాగా పడుతుంటే ఇందులో అర కిలో, ముప్పావు కిలో తగ్గించుకోవచ్చు. చిన్న మందకు ఉన్న గొప్ప సౌకర్యం ఇక్కడే ఉంది. వంద పశువుల డెయిరీ గుంపుగా మేపాలి, నాలుగు బర్రెల ఇల్లాలు దేని పాలు దానికి తెలిసి దేని డబ్బా దానికి పెట్టగలదు. కానీ జరుగుతున్నది మాత్రం అందరికీ సమానం. వట్టిపోయి చూడి కూడా లేని బర్రెకు రెండు కిలోలు, ఎనిమిది లీటర్లు ఇచ్చేదానికీ రెండు కిలోలే. మొదటిదానికి కొవ్వు పడుతుంది, రెండోది ఎండిపోతుంది. ఖర్చు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇంట్లో దాణా కలుపుకోవడానికి కావాల్సినవన్నీ ఈ ప్రాంతంలోనే దొరుకుతాయి. మక్కలు పండుతాయి, వరి మిల్లుల్లో తవుడు ఉంది, పత్తి మిల్లుల వల్ల గింజలు, చెక్క వస్తాయి. నూరు కిలోల దాణాకు మక్క నూక 30 కిలోలు, తవుడు 20, కందిపప్పు మిల్లు నూకా పొట్టూ 10, పత్తిచెక్క 17, పల్లిచెక్క 20, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు కిలో. ఇందులో మాంసకృత్తులు 18 శాతానికి అటూ ఇటూగా ఉంటాయి. ఏది కొనాలో తేల్చుకునేటప్పుడు బస్తా ధర చూస్తే మోసపోతాం. కిలో ధరను అందులోని మాంసకృత్తుల శాతంతో భాగించి చూడాలి. ఉదాహరణకు 12 శాతం ఉన్న తవుడు కిలో 20 రూపాయలైతే, 40 శాతం ఉన్న పల్లిచెక్క కిలో 50 రూపాయలన్నా మాంసకృత్తుల లెక్కలో చెక్కే చవక. తవుడు మంచిది కాదని దీనర్థం కాదు, అది శక్తి కోసం. మాంసకృత్తుల కోసం తవుడు కొనడమే తప్పు.

తవుడు మీదే ఆధారపడితే మరో చిక్కుంది. తవుడులో భాస్వరం బాగా ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. కింద కాల్షియం లేని వరిగడ్డి, పైన భాస్వరం నిండిన తవుడు. లీటరు లీటరుకూ పొదుగు నుంచి కాల్షియం బయటికి పోతూనే ఉంటుంది. ఇలాంటి కొట్టంలో రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం విలాసం కాదు, గడ్డీ నీళ్లంత అవసరం. గోడలు నాకే బర్రె, గుడ్డపేలికలు, ఎముకలు నమిలే బర్రె ఆ మాటే తనకు చేతనైన తీరులో చెబుతోంది.

చెక్క కొనేటప్పుడు వాసన చూడాలి. బూజు పట్టిన పల్లిచెక్కలో, తడిసిన మక్కల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకి కూడా దిగుతుంది. ఆ పాలు మన పిల్లలే తాగుతారు. సగం ధరకు ఇస్తున్నారని నల్లబడ్డ మక్కలు తెచ్చుకోవడం అందుకే తగదు. పత్తిగింజలు, పత్తిచెక్క పెద్ద పశువులకు మంచివి, వెన్న శాతం నిలబెడతాయి. నెమరు మొదలుకాని చిన్న దూడలకు మాత్రం వాటిలోని గాసిపాల్ అనే విషపదార్థం ప్రమాదం. ఏరిన పత్తి చేలలో పశువులను మేపేముందు ఆఖరి మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకోవాలి.

వెన్న తగ్గితే మేత వైపు చూడాలి

ములుకనూరు మహిళా డెయిరీ అయినా, కరీంనగర్ డెయిరీ అయినా, విజయ అయినా పాలకు ధర కట్టేది వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘన పదార్థం) చూసి. కేంద్రంలో మిషన్ చూపే ఆ రెండు అంకెలు డబ్బు లెక్కే కాదు, పశువు కడుపు ఎలా ఉందో చెప్పే రిపోర్టు కూడా. వెన్న తయారయ్యేది ముఖ్యంగా పీచు నుంచి. గడ్డిని నెమరు వేస్తూ, కడుపులోని సూక్ష్మజీవులు పీచును పులియబెడితే వచ్చే ఆమ్లమే పొదుగులో వెన్నగా మారుతుంది. వెన్న తగ్గిందని టెన్షన్ పడి మక్క పిండి పెంచితే కడుపులో పులుపు పెరిగి, నెమరు తగ్గి, వెన్న మరింత పడిపోతుంది. అప్పుడు పెంచాల్సింది గడ్డి, తగ్గించాల్సింది పిండి. ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గితే మాత్రం లెక్క తిరగబడుతుంది. సాధారణంగా అది శక్తి చాలడం లేదని గుర్తు. అక్కడ దాణా పెంచాలి.

రెండు అంకెలతో పాటు పేడ కూడా చూడాలి. పేడలో మక్క గింజలు గింజలుగానే కనిపిస్తే నూక సరిగ్గా పట్టలేదని. పేడ పలచగా, నురగతో, పుల్లటి వాసనతో ఉంటే పిండి ఎక్కువైందని. గట్టిగా ఉండలుగా పడితే నీళ్లో, మాంసకృత్తులో తక్కువయ్యాయని. పడుకున్న పశువుల్లో సగానికి పైగా నెమరు వేస్తుంటే కొట్టం బాగున్నట్టే.

పశువు కడుపులో తిండిని అరిగించేది ఆ సూక్ష్మజీవులు కాబట్టి మేత హఠాత్తుగా మారిస్తే అవి తట్టుకోలేవు. ఏ మార్పైనా పది, పదిహేను రోజులు పట్టాలి. పెళ్లి భోజనాల తర్వాత మిగిలిన అన్నం బకెట్ల కొద్దీ తెచ్చి బర్రె ముందు పోయడం, రోడ్డు మీద ఆరబోసిన మక్కల కుప్పలో రాత్రి తాడు తెంపుకుని పడి మేయడం, ఈ రెండింటి వల్ల పోయే పశువులు ప్రతి ఏడూ ఉంటాయి. కడుపులో పిండి పులిసి ఆమ్లమై రక్తంలోకి పాకుతుంది. తెల్లారేసరికి పశువు లేవదు. ఇలాంటిది జరిగితే పొద్దు పొడిచేదాకా ఆగకుండా పశువైద్యుడిని పిలవాలి, 1962 నంబరు అందుకే ఉంది. వానలు వెనకబడినప్పుడు వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలు మేస్తే ఎక్కే విషం, నాము కూడా అంతే వేగంగా ప్రాణం తీస్తుంది. పూతకు రాని జొన్నలోకి పశువును వదలకూడదు.

ఈనే ముందు, ఈనిన తర్వాత

ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేయాలి. ఆ రెండు నెలల్లో కడుపులోని దూడ వేగంగా పెరుగుతుంది, పొదుగు మరమ్మతు చేసుకుంటుంది. వట్టిపోయింది కదా అని దాణా మానేసేది ఈ సమయంలోనే. ఒంటి పోషణకు పెట్టేది కాక కిలో, కిలోన్నర దాణా అదనంగా ఇవ్వాల్సిన రోజులివి. కాల్షియం టానిక్కులు మాత్రం ఈనే ముందు రెండు మూడు వారాల్లో పోయకపోవడమే మేలు. బయటి నుంచి ఎక్కువగా అందితే ఎముకల నుంచి కాల్షియం తీసుకునే అలవాటు ఒంటికి తప్పుతుంది. ఈనిన రోజు పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయేసరికి పశువు చల్లబడి కూలబడుతుంది. పాల జ్వరమంటే ఇదే, ఇందులో జ్వరం ఉండదు.

ఈనాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాలు శిఖరానికి చేరతాయి. ఆకలి మాత్రం అంతకంటే నెల ఆలస్యంగా పూర్తిగా తెరుచుకుంటుంది. ఈ మధ్యకాలంలో మంచి గడ్డి, మంచి దాణా ఏముంటే అవి ఈ బర్రెకే ముందు పెట్టాలి. రోజుకు అర కిలోకు మించకుండా పెంచుతూ, పాలు పెరుగుతున్నంత కాలం దాణా పెంచుతూ పోవాలి.

దూడ సంగతికి వస్తే, మాయ పడేదాకా జున్నుపాలు తాగించకూడదన్న నమ్మకం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. ఎన్నో దుడ్డెల ప్రాణం తీస్తున్న నమ్మకమిది. దూడకు పుట్టుకతో రోగనిరోధక శక్తి ఉండదు, అది జున్నుపాల నుంచే రావాలి. ఆ శక్తిని పేగు పీల్చుకోగలిగేది మొదటి కొన్ని గంటలే. మాయ పడటానికి ఆరేడు గంటలు పడితే అప్పటికి సగం తలుపు మూసుకుపోయినట్టే. పుట్టిన గంటలోపు మొదటిసారి, రోజంతా కలిపి దూడ బరువులో పదో వంతు. 30 కిలోల దూడకు 3 లీటర్లు. తల్లి చన్ను దగ్గరికి దూడను వదిలితే మాయ పడటం కూడా త్వరపడుతుంది. రెండు వారాలు దాటగానే ఏలికపాములకు మందు పట్టించాలి, బర్రె దూడలకు అవి తల్లి పాల నుంచే వస్తాయి.

మే నెల మధ్యాహ్నం

ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో పైన చెప్పిన లెక్కలన్నీ తలకిందులవుతాయి. నల్లటి తోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న బర్రె మేయడం మానేసి రొప్పుతుంది. అరగడానికి ఎక్కువ వేడి పుట్టించేది ఎండుగడ్డే కాబట్టి దాన్ని పొద్దున ఆరులోపు, రాత్రి పొద్దుపోయాక పెట్టాలి. మధ్యాహ్నం పశువు ఎదుట పచ్చిమేతే ఉండాలి. దాణాను తెల్లవారుజామునకు, సాయంత్రానికి జరపాలి. గోలెంలో మిగిలిన కుడితి ఎండకు గంటల్లో పులుస్తుంది, ఏ పూటకాపూట కడగాలి.

అన్నిటికంటే ముందు నీళ్లు. ఎండాకాలంలో పెద్ద బర్రెకు ఒంటికే 50, 60 లీటర్లు, దాని మీద ప్రతి లీటరు పాలకు మరో 4, 5 లీటర్లు. ఆరు లీటర్లు ఇచ్చే బర్రెకు 75 నుంచి 90 లీటర్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బోరు దగ్గరికి తోలుకెళ్లి తాగించే ఇంట్లో ఇంత నీరు దాని కడుపులోకి పోదు. రేకుల కొట్టం నీడలో కాకుండా బయట పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. బర్రె మూతి ముంచి, ఒక్క గుక్క తాగి, తల తిప్పేస్తుంది. ఆ డ్రమ్మును వేపచెట్టు నీడకు జరిపి, చుట్టూ తడి గోనెసంచి చుడితే అదే బర్రె తల ఎత్తకుండా తాగుతుంది.